సిల్వర్ క్లేతో చేసిన లాకెట్ వారానికే రెండు ముక్కలైంది, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పండి

బందరు_అద్దకం:
అందరికీ నమస్కారం. సిల్వర్ క్లే (మెత్తటి ముద్దలా ఉండి, కాలిస్తే వెండి అయ్యేది) గురించి ఇక్కడ పాత పోస్టులు చదివి ధైర్యం చేశాను. డాలస్ నుంచి వచ్చేటప్పుడు మా వదిన 25 గ్రాముల ప్యాకెట్ ఒకటి తెచ్చిపెట్టింది. మా పెదనాన్న గారిది పెడన. ఆయన ఇంట్లో కలంకారీ అద్దకానికి వాడిన పాత టేకు అచ్చులు ఉన్నాయి, అందులో చిన్న మామిడిపిందె అచ్చు ఒకటి నాకిచ్చారు. ఆ డిజైన్‌తో అమ్మకి లాకెట్ చేయాలని నా కోరిక. అమ్మ స్కూల్ టీచర్, వచ్చే నెలాఖరుకి రిటైర్ అవుతోంది.

ముందు ట్రయల్‌గా సగం క్లేతో ఒకటి చేశాను. అటు మూడు ఇటు మూడు పేకముక్కలు పెట్టి మధ్యలో క్లే ఉంచి చపాతీలా ఒత్తాను, అచ్చుకి ఆలివ్ నూనె రాసి గట్టిగా అద్దాను, అంచులు కోసి రాత్రంతా ఫ్యాన్ కింద ఆరబెట్టాను. పొద్దున చిన్న బ్యూటేన్ టార్చ్‌తో (గ్యాస్ మంటతో) కాల్చాను. కాస్త పొగ, చిన్న మంట వచ్చి పోయాయి, తర్వాత నారింజ రంగుకి తిరిగింది. ఒక నిమిషం చూసి ఆపేసి నీళ్లలో వేశాను. తెల్లగా సున్నం కొట్టినట్టు ఉన్నదాన్ని బ్రష్‌తో రుద్దితే వెండి బయటపడింది, ఆ క్షణం ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఒక మూల మాత్రం చిన్న బుడగలా ఉబ్బింది. వారం రోజులు మెళ్లో వేసుకున్నాను. నిన్న చున్నీకి తగులుకుని లాగితే డిజైన్ గీత వెంబడి టక్కున విరిగింది. వెండి వంగాలి కదా, బిస్కెట్‌లా విరగడం ఏమిటి? క్లే నాసిరకమా, నేను చేసిన తప్పా? మిగిలిన సగం పాడుచేసుకోవడం ఇష్టం లేదు, ఇంకో ప్యాకెట్ తెప్పించుకునే టైమ్ కూడా లేదు.

వెండిగోరింట:
ఎడిసన్ నుంచి. బాధపడకు చెల్లీ, మొదటిసారి చాలామందికి ఇదే జరుగుతుంది. క్లే తప్పు అయ్యే అవకాశం తక్కువ. విరిగిన చోట అంచు ఎలా ఉందో ముందు చెప్పు. లోపల తెల్లగా, సుద్దముక్క విరిచినట్టు పొడిపొడిగా ఉందా, లేక లోహంలా బూడిదరంగులో మెరుస్తోందా? భూతద్దం ఉంటే దాంతో చూడు, లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చేసి చూసినా చాలు.

బందరు_అద్దకం:
చూశాను అక్కా. మధ్యలో తెల్లగా, గరుకుగా, ఉప్పురవ్వలా ఉంది. అంచుల్లో మాత్రం కొంచెం మెరుపు ఉంది.

వెండిగోరింట:
అయితే లోపల కాలలేదు. ఈ క్లే అంటే ఏమిటో అర్థమైతే మిగతాదంతా తేలిక, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

జపాన్‌లో మిత్సుబిషి మెటీరియల్స్ వాళ్లు 1990ల మొదట్లో దీన్ని తయారుచేశారు, తర్వాత ఐడా కెమికల్ వాళ్ల ఆర్ట్ క్లే వచ్చింది. చాలా సన్నని స్వచ్ఛమైన వెండి పొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు, నీళ్లు, అంతే అందులో ఉండేవి. కాల్చినప్పుడు నీళ్లు ఆవిరవుతాయి, జిగురు కాలిపోతుంది (నువ్వు చూసిన పొగా మంటా అదే). అప్పటికి మిగిలేది ఒకదానికొకటి ఆనుకుని కూర్చున్న వెండి రేణువులు మాత్రమే. అవి ఇంకా అతుక్కోలేదు. ఆ వేడిలో కొంతసేపు ఉంచితేనే ఒకదానికొకటి పట్టుకుంటాయి. కరగవు, కరిగితే లాకెట్ కాస్తా గుండు అయిపోతుంది. వెండి 961 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మనం దానికంటే కిందే ఆగాలి.

నువ్వు నారింజ రంగు రాగానే కాలిపోయింది అనుకున్నావు, నిజానికి లెక్క మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచి. చిన్న లాకెట్‌కి ఆ రంగు వచ్చాక కనీసం రెండు నిమిషాలు, నేనైతే ఐదు నిమిషాలు పట్టి ఉంచుతాను. గదిలో లైటు తీసేసి కాల్చు, వెలుతురులో ఆ రంగు సరిగా తెలియదు, ముదిరిందో లేదో పోల్చుకోలేవు. మంటని ఒకే చోట ఆపకుండా చుట్టూ తిప్పుతూ ఉండు. పైన అద్దంలా, నీటి పొరలా మెరుపు కదిలినట్టు అనిపిస్తే వెంటనే మంట వెనక్కి తీసేయ్, అది కరగబోతున్న గుర్తు.

ఆ ఉబ్బిన మూల సంగతి వేరు. అది తడి. బయటికి ఆరినట్టు కనిపించినా లోపల నీళ్లు ఉండిపోయాయి, ఆవిరై బయటికి తోసింది.

బందరు_అద్దకం:
రాత్రంతా ఫ్యాన్ కింద ఉంచినా ఆరలేదా!

పాతకొలిమి:
అమ్మా, మీ పేరులోనే బందరు ఉంది. మాది ఆ పక్కనే చిలకలపూడి. ఈ సముద్రపు గాలికి అప్పడాలే మెత్తబడతాయి, రాత్రి ఫ్యాన్ గాలికి అది ఎక్కడ ఆరుతుంది? కడ్డీ పోసే అచ్చులో తడి ఉంటే కరిగిన లోహం పోయగానే ఎగిరి మొహాన పడుతుందని మా నాన్నగారు మమ్మల్ని చిన్నప్పుడే హెచ్చరించేవారు. మా పనిలో మొదటి పాఠం అదే, నిప్పు దగ్గరికి తడి వస్తువు రాకూడదు.

నేను నలభై ఏళ్లుగా నగల పని చేస్తున్నాను, రోల్డ్ గోల్డ్ అచ్చుల పనీ చేశాను, వెండి పనీ చేశాను. ఈ క్లే మొన్న మా అమ్మాయి ఫోన్‌లో చూపిస్తేనే తెలిసింది. ఉన్నమాట చెప్తాను. కరిగించి, కడ్డీ పోసి, దాగలి మీద సాగగొట్టిన వెండికి ఉండే బలం దీనికి రాదు. సాగగొట్టినప్పుడు లోహం బిగుస్తుంది. మీ క్లేలో రేణువుల మధ్య కంటికి కనిపించని సందులు మిగిలిపోతాయి. అలాగని మీ పనిని తక్కువ చేయడం లేదు. చేత్తో అద్దిన గీత చెక్కు చెదరకుండా వెండిలోకి దిగడం చూసి నాకే ముచ్చటేసింది. ఆ నగిషీ ఉలితో చెక్కాలంటే మాకు రెండు రోజులు పడుతుంది. బలం కావాల్సిన చోట మా పద్ధతి మంచిది, ఇలాంటి పనితనానికి మీ పద్ధతి మంచిది.

వెండిగోరింట:
బాబాయ్ గారూ, మీలాంటివాళ్లు రాస్తే మాకెంతో ఉపయోగం. తడి పోయిందో లేదో చూడటానికి మా టీచరు నేర్పిన చిట్కా ఒకటుంది. ఆరిందనుకున్న ముక్కని కొంచెం వెచ్చగా ఉన్నప్పుడు చిన్న అద్దం మీద ఒక నిమిషం పెట్టి తీయాలి. అద్దం మీద ఆవిరి మచ్చ పడితే ఇంకా తడి ఉన్నట్టే. స్టీలు పళ్లెం మీద పెట్టినా తెలుస్తుంది. చెల్లీ, హెయిర్ డ్రయ్యర్‌తోనో, బాగా సన్న సెగ మీద పెనం పెట్టి ఆపేశాక ఆ వెచ్చదనంలోనో ఆరబెట్టు, మచ్చ పడనంతవరకూ పరీక్ష చేస్తూనే ఉండు. ఒక్క జాగ్రత్త, కింద అల్యూమినియం ఫాయిల్ మాత్రం వేయొద్దు, సిల్వర్ క్లేకి అల్యూమినియం తగలకూడదు, వెండి పాడవుతుంది.

మట్టి_బండి:
హైదరాబాద్ నుంచి, కుండల పని చేస్తాను. కుండ కూడా అంతే, పచ్చిది ఎండకపోతే ఆవంలో పగులుతుంది, సరిగా కాలకపోతే నీళ్లు పోయగానే నానిపోతుంది. మీ లాకెట్‌కి ఆ రెండు లోపాలూ ఉన్నట్టున్నాయి.

మూడోది కూడా చెప్తాను. మూడు పేకముక్కలంటే ముప్పావు మిల్లీమీటరు. కలంకారీ అచ్చు గీతలు లోతుగా ఉంటాయి. గట్టిగా అద్దితే గీత కింద మిగిలేది పావు మిల్లీమీటరో ఇంకా తక్కువో, పైగా కాలాక అది కూడా కుంచించుకుపోతుంది. గీత వెంబడే విరిగిందని మీరే రాశారు. లోతు అచ్చు వాడేటప్పుడు కనీసం ఆరు ముక్కల మందం తీసుకోండి, అచ్చు సున్నితంగా అద్దండి, వెనకవైపు వేలితో తడిమి చూడండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఎవరైనా "మా దగ్గర కిల్న్ (కాల్చే బట్టీ) ఉంది, మా కుండలతో పాటు పెట్టేద్దాం" అంటే ఒప్పుకోవద్దు. నేనే ఒక స్నేహితురాలి జుంకాలు అలా పెట్టాను. మేం మట్టిని మొదటిసారి కాల్చేది దాదాపు 1000 డిగ్రీల దగ్గర. పొద్దున తలుపు తీస్తే అరమీద రెండు వెండి చుక్కలు ఉన్నాయి. ఆ అమ్మాయి ఏమీ అనలేదు కానీ నాకు ఇప్పటికీ మనసులో ఉండిపోయింది.

కరీంనగర్_తీగ:
మా కరీంనగర్ ఫిలిగ్రీ పని చేసేవాళ్ల ఇంట్లో పుట్టాను కాబట్టి అడుగుతున్నా, ఈ క్లే ధర ఎంత పడుతోంది? గ్రాము లెక్కన చూస్తే వెండి ధర కంటే ఎన్నో రెట్లు ఉందిగా. మేము కమ్మెచ్చులో (తీగ లాగే చిల్లుల పలకలో) వెండి తీగ లాగి, రెండు తీగలు పురిపెట్టి, చదును చేసి, చుట్లు తిప్పి అతుకుతం. అంత పని చేసినా వెండి ధరకి కూలీ కలిపే అమ్ముతం. మా షాపులో రాపిడి వెండి పొడి బోలెడు పోగవుతుంది. దానికి ఏదన్నా జిగురు కలిపితే ఈ క్లే అవ్వదా? ఇంట్లోనే చేసుకోవచ్చు కదా.

వెండిగోరింట:
చాలామంది అడిగే ప్రశ్న ఇది అన్నా, నేనూ ఒకప్పుడు అడిగాను. అవ్వదు. ఆకురాయి పట్టగా రాలిన పొడి మన కంటికి సన్నగా అనిపించినా ఈ క్లేలో ఉండే పొడితో పోలిస్తే గులకరాళ్లే. అంత పెద్ద రేణువులు కరగకుండా ఒకదాన్నొకటి పట్టుకోవు, కరిగేంత వేడి చేస్తే ఆకారం పోతుంది. పైగా షాపు పొడిలో రాగి, టంకం, ఇనుప రజను కలిసిపోయి ఉంటాయి.

ధర మాట నిజమే, దాని గురించి వాదించను. అందుకే క్లేలో ఒక్క రవ్వ కూడా పారేయకూడదు. ఆరిన ముక్కని సానపట్టేటప్పుడు కింద కాగితం వేసుకోవాలి, రాలిన పొడిలో చుక్క చుక్కగా డిస్టిల్డ్ వాటర్ కలిపితే పేస్ట్ అవుతుంది, పగుళ్లు పూడ్చడానికీ, ముక్కలు అతకడానికీ అదే పనికొస్తుంది.

ఆ పేస్ట్‌తో ఇంకో అందమైన పని ఉంది. చిన్న రావి ఆకు తీసుకుని వెనకవైపు, ఈనెలు ఉబ్బెత్తుగా ఉంటాయి కదా, అటువైపు కుంచెతో పేస్ట్ పూసి ఆరనిచ్చి మళ్లీ పూయాలి. అలా పది పన్నెండు పూతలు. కాల్చినప్పుడు ఆకు కాలిపోయి ఈనెలతో సహా వెండి ఆకు మిగులుతుంది. మా అమ్మ చనిపోయిన ఏడాది ఊరికి వెళ్లినప్పుడు మా పెరట్లోని చెట్టు ఆకుతో ఒకటి చేసుకున్నాను, రోజూ అదే వేసుకుంటాను.

నీలిపూస:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మెట్టెలు చేయొచ్చా దీంతో? నా పెళ్లి మెట్టెలు బిగుతైపోయాయి. నా చేత్తో నేనే చేసుకుంటే బాగుంటుందని ఆశ. ఇంకొకటి, ముత్యం, పగడం, అమెథిస్ట్ లాంటివి క్లేలో పొదిగి కాల్చొచ్చా?

పాతకొలిమి:
మెట్టెలు వద్దమ్మా. వేలికి తొడిగేటప్పుడు వాటిని విప్పి నొక్కుతారు, నేలకి కొట్టుకుంటాయి, నీళ్లలో నానతాయి. మీరు వాడేది స్వచ్ఛమైన వెండి, అది ఎలా చేసినా మెత్తనే. మేం మెట్టెలకి రాగి కలిపేది అందుకే. పై పువ్వు క్లేతో చేసుకుని, కింది చుట్టు మామూలు వెండి రేకుతో మీ ఊరి ఆచారి గారి దగ్గర అతికించుకోండి. ఆ పువ్వు మీ చేతిదే అవుతుంది, చుట్టు గట్టిగా ఉంటుంది. అతుకు పెట్టేటప్పుడు ఇది క్లే వెండి అని ఆయనకి ముందే చెప్పండి. సందులున్న లోహం టంకాన్ని పీల్చేసుకుంటుంది, ముందుగా నునుపు రాయితో ఆ చోట బాగా నొక్కి రుద్దాలి.

వెండిగోరింట:
రాళ్ల గురించి నేను చెప్తాను. ముత్యం, పగడం, టర్కోయిస్, ఓపల్ మంటలో పెట్టనే కూడదు, పాడైపోతాయి. అమెథిస్ట్ వేడికి ఊదారంగు పోగొట్టుకుంటుంది. మంట తట్టుకునేది క్యూబిక్ జిర్కోనియా (వజ్రంలా కనిపించే కృత్రిమ రాయి), ల్యాబ్‌లో చేసిన కెంపు, నీలం. రాయి నడుం (బాగా వెడల్పుగా ఉండే చోటు) క్లే లోపలికి దిగేలా నొక్కాలి, కాలేటప్పుడు క్లే కుంచించుకుని దాన్ని పట్టుకుంటుంది. రాయి ఉన్న వస్తువుని మాత్రం కాల్చగానే నీళ్లలో వేయకూడదు, పగులుతుంది. దానంతట అదే చల్లారాలి. ముత్యం కావాలంటే కాల్చే ముందు చిన్న వెండి తీగ గుచ్చి ఉంచి, అంతా అయ్యాక ముత్యాన్ని దానికి ఎక్కించి అతికించు.

ఉంగరమైతే ఇంకో లెక్క ఉంది. మొదట్లో వచ్చిన రకం దాదాపు 28 శాతం కుంచించుకునేది, ఇప్పుడు ఎక్కువగా వాడే రకాలు పది పన్నెండు శాతం. వేలి కొలత కంటే రెండు మూడు సైజులు పెద్దగా చేయాలి. ప్యాకెట్ మీద ఎంత రాసి ఉందో చూడకుండా మొదలుపెట్టొద్దు.

రాజమండ్రి_రాగి:
ఖరీదు భయపెడితే ముందు రాగి క్లేతో చేయి అలవాటు చేసుకోండి. నేను ఏడాదిగా అదే చేస్తున్నాను. కాకపోతే రాగిని ఊరికే గాలిలో ఎక్కువసేపు కాలిస్తే నల్లటి పొర కట్టి లోపల అతుక్కోదు. మూత ఉన్న స్టీలు డబ్బాలో కొబ్బరి చిప్పల యాక్టివేటెడ్ బొగ్గు పోసి, అందులో వస్తువుని పూడ్చిపెట్టి కిల్న్‌లో గంటల తరబడి కాల్చాలి. ఇంట్లో కాల్చిన చిప్ప బొగ్గు దంచి వాడాను, ఒక్కసారి కూడా సరిగా రాలేదు, కొన్న బొగ్గుతోనే వచ్చింది. ఈ పని నాలుగు గోడల మధ్య చేయకండి దయచేసి. బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు. నా కిల్న్ పెరట్లో రేకుల షెడ్డు కింద పెట్టాను, కాలుతున్నంతసేపూ పిల్లల్ని అటు రానివ్వను.

బందరు_అద్దకం:
అందరికీ ఎంత కృతజ్ఞతగా ఉందో. నా దగ్గర కిల్న్ లేదు, టార్చ్ ఒక్కటే. దాంతో అమ్మ లాకెట్ గట్టిగా వస్తుందని నమ్మకంగా చెప్పగలరా? మళ్లీ విరిగితే తట్టుకోలేను.

మట్టి_బండి:
వేడి అదుపు చేయగల కిల్న్‌లో 900 దగ్గర రెండు గంటలు ఉంచితే వచ్చే బలం టార్చ్‌కి రాదు. కానీ లాకెట్‌కి అంత దెబ్బ తగలదు, టార్చ్ చాలు. నమ్మకం కోసం ఒక పని చేయండి. అదే క్లేలోంచి సన్నని పట్టీ ముక్క ఒకటి కోయండి, అంగుళం పొడవు, లాకెట్ ఎంత మందమో అంతే మందం. దాన్ని ముందు ఒక్కదాన్నే కాల్చి, చల్లార్చి, రెండు పటకారులతో పట్టుకుని వంచండి. సరిగా కాలితే వెండి తీగలా వంగుతుంది. టక్కుమంటే ఇంకా టైమ్ కావాలి. పట్టీ ఎన్ని నిమిషాలకి వంగిందో, లాకెట్ పెద్దది కాబట్టి దానికి ఇంకో రెండు మూడు నిమిషాలు కలుపుకోండి. కింద ఫైర్ బ్రిక్ (నిప్పు తట్టుకునే ఇటుక) తప్పకుండా పెట్టండి, వంటింటి గ్రానైట్ బండ మీద కాలిస్తే బండ పగులుతుంది.

పాతకొలిమి:
ఇది మంచి మాట. మేం కూడా కొత్త కడ్డీ పోస్తే ముందు కొస వంచి చూస్తాం.

బందరు_అద్దకం:
తొమ్మిది రోజుల తర్వాత వచ్చాను, ఆలస్యానికి క్షమించండి, తడి ఆరడానికే మూడు రోజులు తీసుకున్నాను. అద్దం మీద మచ్చ పడటం మొదటి రోజు చూసి నిజంగా ఆశ్చర్యపోయాను, పైకి ఎముకలా ఆరిపోయి ఉంది! మూడో రోజుకి మచ్చ పడలేదు.

పట్టీ ముక్కలు రెండు కోశాను. మొదటిదాన్ని రంగు వచ్చాక రెండు నిమిషాలు కాల్చాను, సగం దాకా వంగి చీలింది. రెండోదాన్ని ఐదు నిమిషాలు, లైటు తీసేసి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని కాల్చాను. కొక్కెంలా పూర్తిగా వంగింది, పగలలేదు. అప్పుడు లాకెట్‌ని ఎనిమిది నిమిషాలు కాల్చాను. చెయ్యి నొప్పి పుట్టింది కానీ మంట ఆపలేదు. పచ్చిగా ఉన్నప్పుడు 34 మిల్లీమీటర్ల పొడవు, ఇప్పుడు 30. ఇత్తడి బ్రష్, కుంకుడుకాయ నురగతో పావుగంట రుద్దాను, మామిడిపిందె లోపలి చుక్కలు కూడా ఒక్కొక్కటీ తేలాయి. గీతల్లో నలుపు రావడానికి ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనతో డబ్బాలో పెట్టి మూత వేశాను, మూడు గంటల్లో మొదట పసుపు, తర్వాత గోధుమరంగు, తర్వాత నలుపు వచ్చింది. పైన మెరుగు పెడితే గీతల్లో మాత్రం నలుపు నిలిచింది, అచ్చం అద్దకం చీర మీది కారు నలుపులాగే ఉంది.

పెదనాన్న గారికి ఫోటో పంపాను. ఆయన ఫోన్ చేసి, ఆ అచ్చు మా తాతగారి కాలంలో చెక్కించిందని చెప్పారు. నాకు అప్పటిదాకా తెలియదు.

ఇప్పుడు అమ్మకి జత కమ్మలు కూడా చేయాలనిపిస్తోంది, క్లే ఇంకా నాలుగు గ్రాములు ఉంది. రెండూ ఒకే సైజులో రావాలంటే ఎలా? విరిగిన ముక్కలు కూడా ఉన్నాయి, వాటిని ఏం చేయను?

వెండిగోరింట:
చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి చెల్లీ. కమ్మలకి క్లేని కంటి అంచనాతో విడదీయకు, చిన్న తక్కెడలో తూచి రెండు సమాన భాగాలు చేయి. ఒకేసారి ఒకే మందంలో ఒత్తు, ఒకే మూతతో కోయి, ఒకే రోజు కాల్చు. క్లే ఇంకా మెత్తగా ఉన్నప్పుడే రెండింటికీ రంధ్రాలు పెట్టు, ఆరాక పెట్టబోతే అంచు పగలొచ్చు.

పాతకొలిమి:
విరిగిన ముక్కలు పారేయకండమ్మా, అది మంచి వెండి. ఈసారి చిలకలపూడి వైపు వస్తే తీసుకురండి. మీరే ఊదుగొట్టం పట్టుకుని మూసలో (లోహం కరిగించే గిన్నెలో) కరిగిద్దురు గాని. కాస్త వెలిగారం వేసి, కొంచెం రాగి కలిపి, కమ్మల కొక్కాలకి సరిపడా తీగ లాగిస్తాను. కొక్కాలు మాత్రం క్లేతో చేయొద్దు.

బందరు_అద్దకం:
తప్పకుండా వస్తాను బాబాయ్ గారూ. ఆదివారం కొలిమి దగ్గర ఉంటారా?

పాతకొలిమి:
ఉంటాను. పొద్దున పదిలోపు రండి, తర్వాత ఎండకి కొలిమి దగ్గర కూర్చోలేం. కాటన్ చీరే కట్టుకుని రండి, నైలాన్ చున్నీలు వద్దు.